రద్దయిన ఆటలో చివరి పాస్

మైకు మూసుకుపోయింది. ఫోను తెరమీద చిన్న గుర్తుకు అడ్డంగా ఎర్రగీత పడింది. ఆ గీత తన పెదవుల మీదనే పడినట్టు లైల్ హార్ట్‌విగ్ వాటిని నాలుకతో తడుపుకున్నాడు. "ఏమనుకోకండి మాస్టారూ, నియమం నియమమే కదా. అదీ మీరు పెట్టిందే" అన్నాడు డ్వైట్ ప్రూయిట్, ఒకప్పుడు లైల్ లాటిన్ తరగతిలో వెనకబెంచీ మీద కూర్చుని క్రియారూపాలకు కన్నీళ్ళు పెట్టుకున్న కుర్రవాడు, నేడు ఇండియానా నలుమూలలా చెదిరివున్న ఒక చిన్న బాస్కెట్‌బాల్ సిమ్యులేషన్ లీగ్‌కు కమీషనర్. అవును, తాను పెట్టిందే. ఒక ఆటగాణ్ణి హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి, అంటే లీగ్ మహామహుల పట్టీలోకి, తీసుకోవాలా వద్దా అన్న చర్చ జరుగుతున్నంతసేపూ ఆ ఆటగాణ్ణి సృష్టించినవాడు నోరు మెదపరాదు, ఓటు వేయరాదు, వింటూ కూర్చోవాలి. కొన్నేళ్ళ కిందట ఒక సభ్యుడు తన కల్పిత వీరుణ్ణి తానే పొగుడుకుంటూ అందరి సహనాన్నీ ఆరగించినప్పుడు, విసిగి, ధర్మసూత్రం చెప్పినట్టు చెప్పాడు లైల్: తల్లి తన బిడ్డకు న్యాయమూర్తి కాకూడదు. అందరూ తలలూపారు. దానికి మౌనపు కుర్చీ అని పేరు పెట్టారు. ఇప్పుడు ఆ కుర్చీ ఇదే, వృద్ధాశ్రమం వారి గోధుమరంగు రెక్సిన్ కుర్చీ, కదిలితే కిర్రుమనేది. దానికెదురుగా వాలుకుర్చీలో అన్న వెర్న్. మోకాళ్ళమీద గళ్ళ దుప్పటి, ఒడిలో తెరిచిన అరచేతులు, కిటికీ అవతల మంచులోంచి పొడుచుకొచ్చిన మొక్కజొన్న మోళ్ళు, వాటికవతల వెర్న్ తన బతుకంతా పనిచేసిన ధాన్యపు గోదాము. ఆదివారం మధ్యాహ్నం. భోజనాల గదిలో వడ్డించిన కోడిమాంసపు నూడుల్స్ వాసన నడవలో ఇంకా తిరుగుతూనే ఉంది.

"రేడియోనా?" అన్నాడు వెర్న్.

"అలాంటిదే అన్నయ్యా."

"ఎవరెవరు ఆడుతున్నారు?"

"ఆట అయిపోయింది. దాని గురించి మాట్లాడుకుంటున్నారు."

"అయిపోయాక మాట్లాడుకోవడానికేముందిరా?"

అయిపోయాకనే కదా అన్నయ్యా ఈ దేశంలో మాటలు మొదలయ్యేది. క్షౌరశాలలో, చర్చి మెట్ల మీద, అంత్యక్రియల తరువాత వడ్డించే విందులో కూడా, పంది తొడమాంసం ముక్క నములుతూ, ఎప్పుడో ముగిసిన ఆటలో ఎవడో వేయని బంతిని మళ్ళీ వేస్తూ ఉంటారు. అలా వేసీ వేసీ తనివి తీరనివాళ్ళే ఈ లీగ్‌లో చేరారు. ఇక్కడి ఆటగాళ్ళకు ఒళ్ళు లేదు. సభ్యుడు ఒక యువకుణ్ణి కల్పిస్తాడు, పేరు పెడతాడు, ఎత్తు, చేతివాటం నిర్ణయిస్తాడు, ప్రోగ్రామ్ ఇచ్చే కొద్దిపాటి బలాన్ని ఏ విద్యకు ఎంత పోయాలో తన చేతులారా పోస్తాడు. అటుపైన అతని చేతిలో ఏమీ లేదు. ఆదివారం నాడు డ్వైట్ ఒక మీట నొక్కుతాడు, తెరమీద ఆట వాక్యం వెంట వాక్యంగా కురుస్తుంది. ఆ కుర్రవాడు గెలుస్తాడు, ఓడతాడు, మోకాళ్ళు అరిగి ముసలివాడై తప్పుకుంటాడు. తక్కినవారంతా బలాన్ని షూటింగ్‌లో పోశారు. లైల్ ఒక్కడే పాస్‌లో పోశాడు. పొట్టివాడు, మందగమనుడు, ఎడమచేతివాటం, తాను చూడని వైపు బంతిని అందించేవాడు. పేరు ఆంబ్రోస్ టేట్. ప్రాచీనుడైన ఒక పరిశుద్ధుని పేరు పెట్టాడు గాని, లోపల ఉన్నవాడు మాత్రం ఎదుటి వాలుకుర్చీలో కూర్చున్నవాడే. ఈ సంగతి లీగ్‌లో ఎవరికీ తెలియదు. వెర్న్‌కూ తెలియదు. షూటింగ్ దగ్గరకు వచ్చేసరికి లైల్ చేయి ఆగింది. ఇంకాస్త పోయవచ్చు, ఎవరూ కాదనరు. కాని పోస్తే వాడు వెర్న్ కాడు. ఆ రోజు ఆ ఆగిన చేతిని గురించే ఈ రోజు ఈ విచారణ. కుండ వంకరగా ఉందంటున్నారు, కుమ్మరి వింటున్నాడు.

ఇది మూడోసారి. మూడుసార్లలో మూడింట రెండు వంతుల ఓట్లు రాకపోతే ఆ పేరు ఇక చర్చకు రాదు. అంతటితో పోయినా భరించవచ్చు. వసంతంలో లీగ్ కొత్త గూటికి మారబోతోంది, పాత సైటు మూసేస్తారు. హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నవారి పేజీలే అక్కడికి వెళతాయి. తక్కినవి చెరిగిపోతాయి, అంతమందిని మోయలేం మాస్టారూ అన్నాడు డ్వైట్, మర్యాదగానే అన్నాడు. ఒకప్పుడు బడి జట్టులో ఆడిన వెర్న్‌కు అలాగే జరిగింది. బడిని పక్క ఊరి బడిలో కలిపినప్పుడు పాత జిమ్నేజియం పడగొట్టారు, ఊరి జనాభా కంటే ఎక్కువ బెంచీలున్న జిమ్నేజియం. గోడమీది ఫొటోలు ఎటు పోయాయో తెలియలేదు. పోయినా ఏమి, వాటిలో వెర్న్ లేడు. ఆ కాలపు స్కోరు పుస్తకంలో బంతిని బుట్టలో వేసినవాడికి గడి ఉండేది గాని, అందించినవాడికి గడి లేదు.

"ఇది హాల్ ఆఫ్ ఫేమ్ అమ్మా రోజ్, సండే స్కూలుకు నాగా పెట్టకుండా వచ్చినవాడికిచ్చే బహుమతి కాదు" అంటోంది ఫోను. అది మార్టీ కెస్లర్ గొంతు. బీమా లెక్కలు వేసి వేసి గొంతు కూడా గళ్ళుగా కోసినట్టుంటుంది. "మంచివాడే, నేను కాదన్నానా? ఎప్పుడైనా ఒక్క సీజన్లో స్కోరింగ్‌లో పైకొచ్చాడా? లేదు. కప్పు గెలిచాడా? లేదు. ప్రోగ్రామ్ కొత్తది వచ్చాక ఆ మాత్రం పాస్‌లు మా ఇంటి పిల్లికి కూడా వస్తున్నాయి."

"పాతది ఉన్నప్పుడు ఇచ్చాడు కాబట్టే గొప్ప, లెక్కల పెట్టే!" అది రోజ్ టటుల్, కొకోమో ఊళ్ళో నర్సు, డ్యూటీకీ డ్యూటీకీ మధ్య దొరికిన నిద్రను ఈ గంటకు దానం చేసి వచ్చింది. "అతని పక్కన ఆడినవాళ్ళను చూడు. మొద్దులు. ఇతను వచ్చాక దొరలయ్యారు, ఇతను పోయాక మళ్ళీ మొద్దులయ్యారు. నీకెలా తెలుస్తుందిలే, విందులో బంగాళాదుంపల గిన్నె నీ దగ్గరికొస్తే పక్కవాడికి అందించవు, అక్కడే ఖాళీ."

ఎవరో పకపకా నవ్వారు. మార్టీ కూడా నవ్వాడు, "ఆ గిన్నెలో ఉన్నదే కాస్త" అని. లైల్ నవ్వలేకపోయాడు. మొద్దులు దొరలయ్యారు. ఎంత చక్కగా చెప్పింది తల్లి. తాను రాసి పెట్టుకున్న ప్రసంగంలో, ఆ అరువు లాటిన్ శయ్యతో కట్టిన వాక్యాల్లో, ఈ మాటకు సరితూగేది ఒక్కటీ లేదు. చెప్పాలని కాదు ఆ ప్రసంగం, చెప్పకుండా ఉండలేక. స్నానం చేస్తూ, మెట్ల మీద మంచు ఊడుస్తూ, నెలరోజులుగా మనసులో చెబుతూనే ఉన్నాడు. పెద్దలారా, అందించడమనే విద్యను గురించి ఆలోచించండి, ఆ విద్యలో నేర్పరి ఎంత గొప్పవాడైతే అంతగా కనబడకుండా పోతాడు. వెర్న్ బంతి ఇచ్చిన తరువాత ఎవరూ వెర్న్ వైపు చూసేవారు కాదు. కేకలన్నీ బుట్ట దగ్గర. తాను క్లారినెట్ పట్టుకుని బ్యాండు వరుసలో కూర్చునేవాడు గనుక, ఆ అన్నకు తమ్ముడు గనుక, అటే చూసేవాడు. వెర్న్ ఎడమ బొటనవేలును పెదవికి తాకించి, వెనక్కి నడిచి వెళ్ళేవాడు, దానం చేసినవాడు చెయ్యి కడుక్కున్నట్టు. ఆ బొటనవేలు ఇప్పుడు దుప్పటి మీద ఉంది, మొక్కజొన్న కోత యంత్రంలో నలిగి వంకర తిరిగింది. ఆ వేలిని ప్రోగ్రామ్‌లో ఎక్కడ పొందుపరచాలి? దానికీ గడి లేదు.

"పట్టాడా?" అన్నాడు వెర్న్.

వచ్చింది. రోజూ వస్తుంది ఆ ప్రశ్న, సాయంకాలం మందుల బండి వచ్చినట్టు. జిల్లా పోటీల ఆఖరి ఆట, ఒక్క పాయింటు వెనకబడి ఉన్నారు, గడియారం అయిపోవస్తోంది. వెర్న్ కుడి మూలకు పోయాడు, ఇద్దరు మీదపడ్డారు, అతడు తలైనా తిప్పకుండా వెనక్కి ఇచ్చాడు, అక్కడికి డచ్ ఆమ్‌స్టట్జ్ పరుగెత్తి వస్తాడని తెలుసు. డచ్ వచ్చాడు. బంతి అతని రెండు అరచేతులకూ తగిలింది. తగిలి, జారి, గీత దాటి, బ్యాండు వరుసలోకి దొర్లి, లైల్ బూటుకు కొట్టుకుని ఆగింది. దాన్ని వంగి తీసింది తానే. ఇంత వయసొచ్చినా ఆ తోలు వెచ్చదనం వేళ్ళకు ఉంది. డచ్‌ను వెర్న్ ఒక్క మాట అనలేదు. మరునాడు వాళ్ళింటి కొట్టంలో పాలు పితకడానికి సాయం వెళ్ళాడు. ఏళ్ళ తరబడి ఆ సంగతి ఎత్తనేలేదు. జ్ఞాపకం గోడలు ఒక్కొక్కటే కూలి, భార్య పేరు కూలి, గోదాము కూలి, చివరకు మిగిలిన గదిలో ఆ బంతి గాలిలో ఉండిపోయింది, డచ్ చేతులకింకా అందకుండా. మొదటిసారి అడిగినప్పుడు లైల్ సత్యమే చెప్పాడు. లేదన్నయ్యా, జారిపోయింది. ఆ ముఖం, అప్పుడే విన్నవాడి ముఖం, ఆ గుడ్లలో నీరు. అటుపై ఇక చెప్పలేదు. అబద్ధమాడడం చేతకాదు, నిజం చెప్పడానికి మనసొప్పదు, కాబట్టి దుప్పటి సర్దుతాడు. ఇప్పుడూ సర్దాడు. నియమం పెట్టకుండానే ఎక్కిన మరో మౌనపు కుర్చీ అది.

"మొదటి ఆట మాటేమిటి మరి?" అంది రోజ్ ఉన్నట్టుండి.

లైల్ చేయి దుప్పటి మీదనే ఆగిపోయింది. ఆ మాట ఎవరైనా అంటారని ఆశపడ్డాడు, అంటారేమోనని భయపడ్డాడు. ఆంబ్రోస్ ఫైనల్‌కు వెళ్ళింది ఒకే ఒక్కసారి, ఎదుట గిల్ నోవాక్ జట్టు, ఆఖరి ఆట. డ్వైట్ మీట నొక్కాడు. వాక్యాలు కురిశాయి. ఆంబ్రోస్ జట్టు గెలిచింది, ఆంబ్రోస్ ఇచ్చిన చివరి పాస్ మీద గెలిచింది. లైల్ వంటింట్లో ఒక్కడే లేచి నిలబడ్డాడు, చేతిలో కాఫీ కప్పుతో, ఎవరికి చెప్పాలో తెలియక కిటికీ అవతలి మంచుకు చెప్పాడు. కాఫీ ఇంకా వేడిగా ఉండగానే గిల్ ఫిర్యాదు వచ్చింది. న్యాయమైన ఫిర్యాదే. గిల్ కొత్త జట్టుక్రమం పంపాడు, దాన్ని ఎక్కించడం డ్వైట్ మరిచాడు, పాత క్రమంలో ఆట నడిచింది, కాలు విరిగి బెంచీ మీద ఉండవలసిన గిల్ సెంటర్ ఆటగాడు ఆటంతా పరుగెత్తాడు. ఆట చెల్లదు. డ్వైట్ ఏడుపుగొంతుతో మన్నించమని అడిగి, సరైన క్రమం ఎక్కించి, మళ్ళీ నడిపాడు. రెండో ఆటలో గిల్ గెలిచాడు. ఇలాంటి పొరపాటు ఇలాంటి మనుషులకే సాధ్యం, జరిగిన రోజును వెనక్కి పిలిచి, నువ్వు కాదులే అని పంపించి, ఇంకో రోజును లోపలికి రానివ్వడం. కప్పు కాఫీ చల్లారేలోపు ఆంబ్రోస్ విజేతగా బతికాడు. ఆ కాసేపు సత్యం కాదా? సత్యమైతే ఎక్కడికి పోయింది? జరిగినదాన్ని జరగలేదనిపించడం దేవునికైనా చెల్లుతుందా అని పాత వేదాంతులు పేజీలు పేజీలు తర్కించారు. డ్వైట్ ప్రూయిట్ ఒక్క మీటతో చేసేశాడు.

"రద్దయిన ఆట లేనట్టే, రోజ్. రూలది" అన్నాడు డ్వైట్ ఇబ్బందిగా.

"చూసినవాళ్ళు ఉన్నారు కదయ్యా!"

"చూసినవాళ్ళు ముగ్గురు. నేను, మాస్టారు, గిల్. నేను కమీషనర్ని, మాట్లాడకూడదు. మాస్టారు కుర్చీలో ఉన్నారు. గిల్, నువ్వేమైనా..."

గిల్ నోవాక్ సౌత్ బెండ్‌లో బౌలింగ్ హాలు నడుపుతాడు, అతని వెనుక ఎప్పుడూ దూరంగా బంతి తగిలి కట్టెలు పడిపోతున్న చప్పుడు. ఇప్పుడూ ఆ చప్పుడే వినిపించింది.

చెప్పు గిల్. ఒక్క మాట చెప్పు నాయనా. లైల్‌కు తెలియకుండానే రెండు చేతులూ జోడైపోయాయి, వెంటనే సిగ్గుపడి విడదీశాడు. పొద్దున చర్చిలో పాస్టరు వ్యాధిగ్రస్తుల పేర్లు చదివి, ఇంకెవరైనా ఉన్నారా అని ఆగినప్పుడు, ఆంబ్రోస్ అన్న మాట పళ్ళదాకా వచ్చింది. ఊపిరే లేనివాడి కోసం ప్రార్థించవచ్చునా? వాడి ఊపిరి వెర్న్‌దే గదా. అయినా వెర్న్ కోసమని చెప్పి ఆంబ్రోస్ కోసం అడగడం దేవుణ్ణి మోసగించడం కాదా? మాట మింగేశాడు. ఇప్పుడీ కిర్రుమనే కుర్చీలో కూర్చుని ఒక ఆలోచన వచ్చింది, రాకూడని ఆలోచన. చేసినవాడికి తాను చేసినదాని గురించి అంతా తెలుసు, చేయి ఎందుకు ఆగిందో తెలుసు, ఏ లోపం ఏ ప్రేమవల్ల పెట్టాడో తెలుసు. చెప్పడానికి మాత్రం వీలులేదు. తాను చేసిన నియమానికి తానే బద్ధుడు. అయితే పైనున్న ఆయన కూడా ఇలాగే, పెదవులకు అడ్డంగా గీత గీసుకుని, మనమీద మనం చెప్పుకునే తీర్పులన్నీ వింటూ, ఎక్కడో ఒక వృద్ధుని ముందు కూర్చుని దుప్పటి సర్దుతున్నాడా? క్షమించు ప్రభూ, అనుకున్నాడు. క్షమాపణ ఎవరు ఎవరికి చెప్పుకోవాలో ఆ క్షణాన స్పష్టంగా తెలియలేదు. మార్టీ ఇంకా మాట్లాడుతున్నాడు, సగటులు, సగటుల మీద సగటులు. ఎండపొడ ఒకటి మబ్బులోంచి దిగి గోదాము గోపురం మీద నిలబడి మళ్ళీ వెళ్ళిపోయింది.

"ఇక ఓట్లు" అన్నాడు డ్వైట్.

ఒక్కొక్కరే చెప్పారు. రోజ్ అవును అంది, అనడంలో బల్లమీద చరిచింది. మార్టీ కాదు అన్నాడు, "కోపం పెట్టుకోకండి మాస్టారూ" అని చేర్చాడు. ఒకరు అవును, ఒకరు కాదు, ఒకరు దగ్గి అవును, ఇంకో ఇద్దరు అవును, ఒకరు కాదు. వేలు మడుస్తూ లెక్కపెట్టడం ఇష్టంలేక లైల్ అన్న చేతివేళ్ళనే చూస్తూ కూర్చున్నాడు, అయినా లెక్క దానంతటదే తేలింది. ఆరు కావాలి, ఐదు వచ్చాయి, మిగిలినవాడు గిల్.

"ఒక్క నిమిషం డ్వైట్. నేనొకటి చదవొచ్చా?" అన్నాడు గిల్. "రూలు కాదని తెలుసు. ఆ మొదటి ఆట ఆఖరి ముక్క దాచుకున్నాను. అప్పుడప్పుడూ చదువుకుంటాను." వెనుక కట్టెల చప్పుడు దూరమైంది, తలుపు వేసినట్టున్నాడు. ప్రోగ్రామ్ వాక్యాలకు అలంకారం ఉండదు, గిల్ గొంతుకూ లేదు. "టేట్ కుడి మూలకు వెళ్ళాడు. ఇద్దరు అడ్డుకున్నారు. టేట్ చూడకుండా వెనక్కి అందించాడు..."

వాలుకుర్చీలో వెర్న్ తల ఎత్తాడు. దుప్పటి మీద ఎడమచేయి పక్కకు తిరిగింది, ఆ వంకర బొటనవేలు గాలిలో దేన్నో నొక్కిపట్టి వదిలింది.

"చదవడం అక్కడే ఆపుతాను" అన్నాడు గిల్. "ఆ తర్వాత మీకు తెలుసు. మన లీగ్‌లో ఇంతకంటే మంచి ఆట జరగలేదు. కానీ జరగలేదు, అదే కదా చిక్కు. జరిగిందని నేనిప్పుడంటే మా గోడమీది కప్పుకు అర్థమేముంది? విరిగిన కాలితో మావాడు అందులో పరుగెత్తాడు డ్వైట్, అలాంటిదాన్ని పట్టుకుని ఒకణ్ణి నేను లోపలికి పంపలేను. పంపాలని ఉంది. ఉంటే మాత్రం?" తలుపు తెరిచినట్టున్నాడు, కట్టెల చప్పుడు తిరిగొచ్చింది. "కాదు. నా ఓటు కాదు. మాస్టారూ, మన్నించండి."

అంతే. రోజ్ ఏదో తిట్టింది, సగంలో మింగింది. నిజాయితీపరుడు, అనుకున్నాడు లైల్, తాను ఆ స్థానంలో ఉన్నా అదే చేసేవాడు, అది తెలిసి ఇంకా ఏడుపొచ్చింది. ద్వేషించడానికి ఒక్క మనిషైనా దొరకలేదు. వసంతంలో ఎవరో ఒక మీట నొక్కుతారు, ఎడమచేతివాటం, మందగమనం, చూడని వైపు చూపు, అన్నీ కలిసి మంచు కరిగినంత సద్దు లేకుండా పోతాయి. "మాస్టారూ, మీ మైకు తెరిచానండీ, ఇప్పుడు మీరు మాట్లాడొచ్చు" అన్నాడు డ్వైట్ మెల్లగా. ఆ మాట వినబడింది గాని చెవిలోనే ఆగిపోయింది. నెలరోజుల ప్రసంగంలో ఒక్క వాక్యం కూడా మిగల్లేదు. వెర్న్ ముందుకు వంగి ఉన్నాడు. ఎన్నడూ లేనంత తేటగా ఉన్నాయి ఆ కళ్ళు.

"లైల్, ఒరే. పట్టాడా?"

దుప్పటి సర్దడానికి లైల్ చేయి కదిలింది. కదిలి, దారిలో ఆగిపోయింది, ఒకప్పుడు ఆగినట్టే. ఆ చేతిని ఈసారి అన్న చేతిమీద పెట్టాడు.

"పట్టాడు అన్నయ్యా."

"డచ్చేనా?"

"డచ్చే."

"వేశాడా?"

"వేశాడు. గెలిచాం."

వెర్న్ ఆ మాటను కాసేపు నోట్లో పెట్టుకున్నట్టున్నాడు. తరువాత వెనక్కి వాలాడు. ఎడమ బొటనవేలు పెదవికి తాకించి, చేయి ఒడిలో పెట్టుకున్నాడు. ఫోనులో అందరూ ఉన్నారు, ఎవరిదో ఊపిరి, రోజ్ ఇంట్లో కుక్క గోళ్ళ చప్పుడు. తెరమీది ఎర్రగీత లేదని లైల్ అప్పుడు చూశాడు. వెర్న్ కూడా ఫోను వైపు చూశాడు, విందు అయిపోయినా లేవని అతిథులను చూసినట్టు.

"మరి ఇంతసేపూ వీళ్ళు దేని గురించి కొట్టుకున్నార్రా?" అన్నాడు.